కొల్లేరు ఏ రకం సరస్సు? పుస్తకాల్లో చెప్పే మూడు పొరలు మన నీళ్లలో ఎక్కడున్నాయి?

లంక టీచర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఏలూరు జిల్లాలో ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. మా పిల్లల్లో చాలామంది కొల్లేటి లంకల నుంచి వచ్చేవాళ్లే. ఇంట్లో చేపలు, మేత, గట్లు, నీళ్లు, ఈ మాటల మధ్యే పెరిగినవాళ్లు. అందుకని ఈసారి సరస్సుల పాఠం కొల్లేరుతోనే మొదలుపెడదామని పోటీ పరీక్షల పుస్తకాలు, నెట్‌లో దొరికిన నోట్సులు ముందేసుకుని కూర్చున్నాను. ఏది తెరిచినా ఒకటే బొమ్మ. పైన వెచ్చటి పొర ఎపిలిమ్నియాన్, మధ్యలో ఉష్ణోగ్రత గబుక్కున పడిపోయే థర్మోక్లైన్, అడుగున చల్లటి హైపోలిమ్నియాన్. చలికాలంలో పైన మంచు కడుతుంది, వసంతంలో నీళ్లు తిరగబడతాయి, మళ్లీ శరదృతువులో తిరగబడతాయి అని రాసి ఉంది.

బోర్డు మీద బొమ్మ గీశాక తొమ్మిదో తరగతి కుర్రాడు ఒకడు లేచి, "ఎండాకాలంలో మా ఊరి దగ్గర కొల్లేరు నడుం లోతు కూడా ఉండదు టీచర్, అందులో మూడు పొరలు ఎక్కడ పడతాయి?" అన్నాడు. వాడి ప్రశ్న చాలా సరైందని నాకనిపించింది, కానీ దానికి జవాబు ఏ పుస్తకంలోనూ లేదు.

నా సందేహాలు ఇవి. ఒకచోట ఒలిగోట్రోఫిక్, యూట్రోఫిక్ అని వర్గీకరిస్తారు, ఇంకోచోట టెక్టానిక్, గ్లేషియల్ అంటారు, మరోచోట మోనోమిక్టిక్, డైమిక్టిక్ అంటారు. ఇవన్నీ ఒకే వర్గీకరణలో భాగాలా, దేనికదే వేరా? మన ఊరి చెరువుని సరస్సు కింద లెక్కేయొచ్చా? కొల్లేరు ఏ గదిలోకి వస్తుంది? అసలు ఇంత తక్కువ లోతున్న నీళ్లలో జీవవ్యవస్థ ఎలా నడుస్తుంది? పరీక్షలో మార్కులొచ్చే జవాబు కాదు, పిల్లలు ఇంటికెళ్లి గట్టు మీద నిలబడి చూసి ఔనా కాదా అని తేల్చుకోగలిగే జవాబు కావాలి.

నీటిపురుగు

మేడమ్, ఆ కుర్రాడికి నా తరఫున శభాష్ చెప్పండి. నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్తాను, మంచినీటి జీవశాస్త్రం నా సబ్జెక్టు. మన పుస్తకాల్లో ఉన్న బొమ్మ యూరప్, ఉత్తర అమెరికాల లోతైన చల్లటి సరస్సులది. ఈ శాస్త్రం పుట్టిందే అక్కడ. స్విట్జర్లాండ్‌లో ఫోరెల్ అనే ఆయన జెనీవా సరస్సు మీద జీవితమంతా పనిచేసి 1892 నుంచి పెద్ద గ్రంథం వేశాడు, ఆ తర్వాత వచ్చినవాళ్లు కూడా తమ చుట్టుపక్కల ఉన్న సరస్సులనే చూసి రాశారు. బొమ్మలో తప్పేం లేదు, కాకపోతే మన నీళ్లని చూసి గీసింది కాదు.

ఇక వర్గీకరణల సంగతి. దేనికదే వేరు. ఒక్కోటి ఒక్కో ప్రశ్నకి జవాబు. ఒకే సరస్సుకి మూడు నాలుగు పేర్లు ఒకేసారి ఉంటాయి, అందులో గందరగోళం ఏమీ లేదు.

మొదటి ప్రశ్న, ఈ గుంట ఎలా ఏర్పడింది అని. హచిన్సన్ అనే సరస్సుల శాస్త్రవేత్త 1957లో వేసిన పుస్తకంలో ఇలా 76 రకాలు చెప్పాడు, పిల్లలకి అన్నీ అక్కర్లేదు. భూమి పొరలు చీలి కుంగితే బైకాల్ లాంటిది వస్తుంది, 1,642 మీటర్ల లోతు, ప్రపంచంలో గడ్డకట్టకుండా నేల మీదున్న మంచినీళ్లలో ఐదో వంతు ఆ ఒక్కదాంట్లోనే ఉంది. హిమానీనదాలు గీరేస్తే అమెరికా, కెనడాల మధ్య ఉన్న గ్రేట్ లేక్స్ లాంటివి. ఆకాశం నుంచి రాయి పడితే మహారాష్ట్రలోని లోనార్, అయితే దాని నీళ్లు బయటికి పోయే దారి లేక ఉప్పు, క్షారం పేరుకుపోయాయి కాబట్టి మంచినీటి లెక్కలోకి రాదు. నది వంపు తెగిపోతే ఆక్స్‌బో సరస్సు. కొల్లేరు కృష్ణా, గోదావరి రెండూ ఒండ్రు పోసుకుంటూ సముద్రంలోకి ముందుకు జరిగినప్పుడు మధ్యలో మిగిలిపోయిన పల్లం. మనిషి కట్ట వేసి ఆపితే పాకాల, రామప్ప, కంభం. చెరువుని సరస్సుగా లెక్కేయొచ్చా అన్నారు కదా, నీళ్లలో బతికే జీవులకి కట్ట ఎవరు వేశారన్నది అనవసరం. లోతు, వెలుతురు, నీళ్లు ఎన్నాళ్లు నిలుస్తాయి, ఇవే వాటికి ముఖ్యం. కంభం చెరువు వందల ఏళ్లుగా నిలిచి ఉంది, దాన్ని సరస్సు కాదనడానికి నాకైతే కారణం కనపడదు.

రెండో ప్రశ్న, నీళ్లు పైనుంచి కింద దాకా ఏడాదిలో ఎన్నిసార్లు కలుస్తాయి అని. మీ కుర్రాడు అడిగింది ఇదే. నీటికి సాంద్రత అన్నిటికంటే ఎక్కువ ఉండేది 4 డిగ్రీల దగ్గర. చలిదేశాల్లో వేసవిలో వెచ్చటి నీళ్లు పైన తేలతాయి, చలికాలంలో 4 డిగ్రీల నీళ్లు అడుక్కి చేరి 0 డిగ్రీల నీళ్లు, మంచు పైన ఉంటాయి. మధ్యలో వసంతంలో ఒకసారి, శరత్తులో ఒకసారి అంతా ఒకే ఉష్ణోగ్రతకొచ్చి గాలికి కలిసిపోతాయి. అది డైమిక్టిక్. ఏడాదికోసారే కలిస్తే మోనోమిక్టిక్. ఎన్నోసార్లు, కొన్నిచోట్ల రోజూ కలిస్తే పాలిమిక్టిక్. అడుగు నీళ్లు ఎప్పటికీ పైకి రాకపోతే మెరోమిక్టిక్. ఈ చివరి రకం ఎంత ప్రమాదకరం కాగలదో కామెరూన్‌లోని న్యోస్ సరస్సు 1986లో చూపించింది. అగ్నిపర్వత బిలంలో అడుగున పేరుకుపోయిన కార్బన్ డయాక్సైడ్ ఒక్క రాత్రిలో పైకి తన్నుకొచ్చి చుట్టుపక్కల ఊళ్లలో 1,700 మందికి పైగా ఊపిరాడక చనిపోయారు.

కొల్లేరు పాలిమిక్టిక్. లోతు చాలా చోట్ల రెండు మీటర్ల లోపే, చుట్టూ గాలికి అడ్డు కొండల్లేవు, సాయంత్రం గాలి తిరిగితే చాలు అడుగు దాకా కలిసిపోతుంది. అంటే పొరలు అసలే పడవని కాదు. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ నీటి సాంద్రత ఇంకా వేగంగా మారుతుంది, ఈ విషయం మన పుస్తకాల్లో అసలు కనపడదు. 4 నుంచి 5 డిగ్రీలకి పెరిగితే వచ్చే తేడా కంటే 29 నుంచి 30కి పెరిగితే వచ్చే తేడా ముప్ఫై రెట్లకు పైనే. కాబట్టి మన వేడిలో పైకీ కిందికీ ఒకట్రెండు డిగ్రీల తేడా ఉన్నా నీళ్లు విడిపోయి నిలబడతాయి. గాలి లేని మే నెల మధ్యాహ్నం రెండింటికి థర్మామీటరుకి దారం కట్టి పైన ఒకసారి, అడుగున ఒకసారి చూడమనండి, తేడా కనపడుతుంది. తెల్లారాక మళ్లీ చూస్తే దాదాపు ఉండదు. పుస్తకంలోని బొమ్మ ఆర్నెల్లకోసారి మారుతుంది, కొల్లేట్లో అదే బొమ్మ రోజుకోసారి గీసి చెరిపేసినట్టు ఉంటుంది.

మూడో ప్రశ్న, నీళ్లలో తిండి ఎంతుంది అని. తిండి అంటే ఫాస్ఫరస్, నైట్రోజన్. పోషకాలు తక్కువై నీళ్లు అద్దంలా ఉంటే ఒలిగోట్రోఫిక్, మధ్యస్థం మీసోట్రోఫిక్, నాచు పట్టి ఆకుపచ్చగా ఉంటే యూట్రోఫిక్, మితిమీరితే హైపర్ యూట్రోఫిక్. కార్ల్‌సన్ 1977లో దీన్ని సూచికగా మార్చాడు. తెల్లటి లేదా నలుపు తెలుపు పళ్లెం ఒకటి నీళ్లలోకి దించి ఎంత లోతులో కనుమరుగవుతుందో చూస్తారు, సెక్కీ డిస్క్ అంటారు, 1865 నుంచీ ఉన్న పద్ధతి. నాలుగు మీటర్ల కంటే కిందికి కనపడితే ఒలిగోట్రోఫిక్, రెండు మీటర్ల లోపే మాయమైతే యూట్రోఫిక్, అర మీటరు కూడా కనపడకపోతే హైపర్. కాకపోతే ఒండ్రు కలిసిన నీళ్లలో బురదకే పళ్లెం మాయమవుతుంది, నాచుకి కాదు, కాబట్టి కొల్లేట్లో వానాకాలం కొలతని ఈ పట్టికతో పోల్చకండి.

ఇంకొక ప్రశ్న ఉంది, నీళ్లు ఎన్నాళ్లు నిలుస్తాయి అని. ఇందాక చెప్పిన గ్రేట్ లేక్స్‌లో ఒకటైన సుపీరియర్ సరస్సులో నీళ్లు మొత్తం మారడానికి సుమారు 190 ఏళ్లు, ఇంకొకటైన ఈరీలో రెండున్నర ఏళ్లకు కాస్త పైన. కొల్లేట్లోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, బోలెడన్ని డ్రెయిన్లు వస్తాయి, ఉప్పుటేరు ఒక్కటే సుమారు 60 కిలోమీటర్లు పోయి బంగాళాఖాతంలో కలుస్తుంది. వానాకాలం వరద పాత నీళ్లని తోసేస్తుంది. ఉప్పుటేరు నోరు పూడుకుపోతే ఆ తోయడం ఆగిపోతుంది.

చెరువుగట్టు, కైకలూరు

టీచర్‌గారూ, నేను చేపల చెరువు చేస్తా. పైన సార్ చెప్పింది మాకు పుస్తకం లేకుండానే తెలుసు, ఎందుకంటే మా డబ్బులు అందులోనే ఉన్నాయి. మీ పిల్లలకి ఒక్క సంగతి చెప్పండి, చెరువులో చేప ఎప్పుడు చచ్చినా దాదాపు తెల్లారగట్లే చస్తుంది.

పగలు నీళ్లలో ప్లాంక్టన్, అంటే నీళ్లలో తేలే సన్నటి నాచు, ఎండకి ఆక్సిజన్ వదుల్తుంది. మధ్యాహ్నం మూడింటికి డీఓ మీటర్ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచేది) పెడితే లీటరుకి 10, 12 మిల్లీగ్రాములు కూడా చూపిస్తుంది. పొద్దుగూకాక అదే ప్లాంక్టన్, చేపలు, అడుగు బురద అన్నీ కలిసి ఆ ఆక్సిజన్ తినేస్తాయి. తెల్లారగట్ల నాలుగు, ఐదింటికి 2కి, 1కి పడిపోతుంది. నీళ్లు ఎంత పచ్చగా ఉంటే పగలు అంత పైకి పోతుంది, రాత్రి అంత కిందికి దిగుతుంది. మబ్బు పట్టి గాలి ఆగిన రోజులు వరసగా రెండు మూడు వచ్చాయంటే మాకు నిద్ర ఉండదు, ఆ టెన్షన్ చెప్తే అర్థం కాదు. టార్చి వేసుకుని గట్టు మీద తిరుగుతాం. ముందు బొచ్చె పైకొస్తుంది, నోరు నీటి మట్టానికి పెట్టి గుటకలు వేస్తుంది. అది గట్టు దగ్గరికొచ్చినా మనిషిని చూసి పారిపోలేదంటే పరిస్థితి చెయ్యి దాటుతోందని లెక్క. తర్వాత శీలావతి. అదే నీళ్లలో కొర్రమీను, ఇంగిలాయి హాయిగా ఉంటాయి, అవి పైకొచ్చి నేరుగా గాలి పీల్చుకుంటాయి. కొల్లేటి పాత జాలర్లు నల్లచేపలు అని పిలిచేవి ఇవే, ఎండాకాలం బురదనీళ్లలో కూడా బతికే రకాలు.

ఇంకో సంగతి. సార్ చెప్పిన యూట్రోఫిక్ అనేదాన్ని మేము కావాలనే తయారు చేస్తాం. చెరువులో చేపపిల్ల వదలక ముందే పేడ, సూపర్ ఫాస్ఫేట్ వేసి నీళ్లు పచ్చబడేదాకా చూస్తాం, చెయ్యి ముంచితే మోచేతి దగ్గరికొచ్చేసరికి అరచెయ్యి కనపడకూడదు, అది సరైన రంగు. పిల్లచేప తినేది ఆ రంగునే. పెద్దయ్యాక తవుడు, నూనె తీసిన గింజల చెక్క కలిపి కన్నాలు పెట్టిన సంచుల్లో పోసి వెదురు కర్రలకి కట్టి వేలాడదీస్తాం, చేపలు వచ్చి ఆ కన్నాల్లోంచి లాక్కుని తింటాయి. తిన్నదాంట్లో కొంతే చేప ఒంటికి పడుతుంది, మిగతాదంతా నీళ్లలోనే. పట్టుబడి అయ్యాక ఆ నీళ్లు డ్రెయిన్లోకి, డ్రెయిన్ నుంచి కొల్లేట్లోకి. మేము చేసేది నేను దాచి చెప్పడం లేదు, మా బతుకు అది, కానీ కొల్లేరు బాగుండాలని మాక్కూడా ఉంది. వరదొస్తే ఆ నీళ్లు పోయేది ఎక్కడికో, తిరిగి మా గట్లు తెంపేది ఎవరో మాకు తెలుసు.

లంక టీచర్

ఇద్దరికీ చాలా చాలా థ్యాంక్స్. చెరువుగట్టు గారూ, మీరు చెప్పిన బొచ్చె సంగతి రేపు క్లాసులో చెప్తే సగం మంది చేతులెత్తుతారు, వాళ్లు చూసే ఉంటారు.

ఇంకో రెండు అడుగుతాను. మంచు కట్టే సరస్సులో కింద చేపలు ఎలా బతుకుతాయి, అక్కడ ఆక్సిజన్ ఎక్కడినుంచి వస్తుంది? ఇంకోటి, కొల్లేట్లో గుర్రపుడెక్క మొత్తం పీకించేస్తే నీళ్లు బాగుపడతాయని మా స్టాఫ్ రూములో ఒకరు గట్టిగా వాదిస్తున్నారు. నిజమేనా?

మంచు ఊరు, మిన్నెసోటా

మొదటిదానికి నేను చెప్తానండి. మాది భీమవరం, ఇప్పుడు మిన్నియాపోలిస్ దగ్గర ఉంటున్నాం. ఇక్కడ ఇంటి వెనకాలే సరస్సు. మీ పుస్తకంలోని బొమ్మ అచ్చంగా ఇక్కడిదే, అక్టోబరు, నవంబరులో నీళ్లు తిరగబడేటప్పుడు అడుగు బురద వాసన ఒడ్డు దాకా వస్తుంది, స్పష్టంగా తెలిసిపోతుంది.

మంచు పైన ఉండటమే ఆ చేపల్ని కాపాడేది. మంచు మునిగిపోయే పదార్థమైతే సరస్సు అడుగునుంచి గడ్డకట్టుకుంటూ వచ్చి ఏదీ మిగిలేది కాదు. కింద 4 డిగ్రీల దగ్గర నీళ్లు ఉంటాయి, చల్లటి నీళ్లలో ఆక్సిజన్ ఎక్కువ కరుగుతుంది. 30 డిగ్రీల నీళ్లు లీటరుకి ఏడున్నర మిల్లీగ్రాములు పట్టుకుంటే 4 డిగ్రీల నీళ్లు 13 దాకా పట్టుకుంటాయి. పైగా చలికి చేప ఒళ్లు మందగించి తక్కువ వాడుకుంటుంది. శరత్తులో నీళ్లు తిరగబడినప్పుడు అడుగు దాకా నిండిన ఆక్సిజనే చలికాలమంతా దాని ఖర్చుకి.

అయితే ఇక్కడ కూడా లోతు తక్కువ సరస్సుల్లో చేపలు చస్తాయి. మంచు మీద హిమం దట్టంగా పడితే వెలుతురు లోపలికి పోదు, నాచు పనిచెయ్యదు, అడుగు బురద కుళ్లుతూ ఉన్న ఆక్సిజన్ లాగేస్తుంది. వసంతంలో మంచు కరిగేసరికి ఒడ్డున చచ్చిన చేపలు. వింటర్ కిల్ అంటారు. కొన్ని సరస్సుల్లో చలికాలమంతా ఏరేటర్లు (నీళ్లలోకి గాలి కొట్టే యంత్రాలు) నడుపుతారు, అవి ఉన్నచోట మంచు పల్చగా ఉంటుంది జాగ్రత్త అని బోర్డులు పెడతారు. కైకలూరు అన్న చెప్పిన తెల్లారగట్ల కథే ఇది, అక్కడ ఒక రాత్రిలో జరిగేది ఇక్కడ నాలుగు నెలలు పడుతుంది.

మీరు జీవవ్యవస్థ ఎలా నడుస్తుందని అడిగారు కాబట్టి ఒక మనిషి గురించి చెప్పాలనిపించింది. ఇక్కడికి దగ్గర్లోనే సీడార్ బాగ్ లేక్ అని చిన్న, లోతు తక్కువ సరస్సు ఉంది. రేమండ్ లిండెమన్ అనే కుర్రాడు పీహెచ్‌డీ కోసం అందులోని నాచు, పురుగులు, చేపలు, బురద అన్నిటినీ శక్తి లెక్కలోకి మార్చాడు. ఎండ నుంచి మొక్కకి ఎంత, మొక్క నుంచి పురుగుకి ఎంత, ఒక్కో మెట్టు ఎక్కేసరికి ఎంత పోతుంది అని. మీ పాఠంలో ఉండే శక్తి పిరమిడ్‌కి మూలం ఆ పని. పేపర్‌ని మొదట వద్దన్నారు, తర్వాత 1942లో అచ్చయింది, అప్పటికే ఆయన జబ్బుతో 26 ఏళ్లకే చనిపోయాడు. పెద్ద లోతైన సరస్సు కాదు, కొల్లేరులాంటి బురద నీళ్లే ఆ ఆలోచనకి చోటిచ్చాయి. పిల్లలకి ఇది తప్పకుండా చెప్పండి.

ట్యాంక్‌బండ్ వాకర్

హైదరాబాద్ నుంచి. చెరువుల కోసం పనిచేసే ఒక వలంటీర్ల గుంపులో ఉన్నాను. గుర్రపుడెక్క సంగతి నేను చెప్తాను, ఎందుకంటే ఇక్కడ ప్రతి ఎండాకాలం ఇదే నడుస్తది. మెషీన్లు పెట్టి తీస్తరు, ఫొటోలు వస్తయి, వానలు పడ్డాక మళ్లీ అంతే. ఆకు తీశారు గానీ ఆకుకి అన్నం పెట్టేదాన్ని ఆపలేదు.

ఆ అన్నం ముఖ్యంగా ఫాస్ఫరస్. నాచు ఒంట్లో సగటున 106 కార్బన్ పరమాణువులకి 16 నైట్రోజన్, 1 ఫాస్ఫరస్ ఉంటాయి. కార్బన్ గాలిలోంచి వస్తుంది, నైట్రోజన్‌ని కూడా కొన్ని నీలి ఆకుపచ్చ నాచులు గాలిలోంచే పట్టుకుంటాయి, ఫాస్ఫరస్‌కి ఆ దారి లేదు. కెనడాలోని ఒంటారియోలో 1973లో షిండ్లర్ అనే శాస్త్రవేత్త వాళ్లు ఒక సరస్సుని మధ్యలో ప్లాస్టిక్ తెర వేసి రెండుగా చీల్చారు, లేక్ 226 అంటారు. ఒక పక్క కార్బన్, నైట్రోజన్ మాత్రమే వేశారు, రెండో పక్క వాటితో పాటు ఫాస్ఫరస్ కూడా. విమానం నుంచి తీసిన ఫొటోలో ఫాస్ఫరస్ వేయని సగం నల్లగా, వేసిన సగం చిక్కటి ఆకుపచ్చగా కనపడుతుంది. ఇంత సూటిగా జవాబిచ్చిన ప్రయోగం ఇంకోటి నేను చూడలేదు. సబ్బుల్లో ఫాస్ఫేట్లు తగ్గించాలన్న వాదనకి అది పెద్ద బలమైంది. ఈరీ సరస్సు చచ్చిపోయిందని 1960ల్లో అనుకున్నారు, 1972లో అమెరికా, కెనడా ఒప్పందం చేసుకుని ఫాస్ఫరస్‌కి కళ్లెం వేశాక కోలుకుంది. తర్వాత పొలాల ఎరువులతో మళ్లీ మొదలై 2014 ఆగస్టులో ఆ సరస్సు ఒడ్డునున్న టొలీడో ఊళ్లో నాలుగు లక్షల మందికి పైగా కుళాయి నీళ్లు తాగొద్దని చెప్పాల్సి వచ్చింది, నాచు వదిలిన విషం వల్ల.

ఇంకో చిక్కు ఉంది. వచ్చే మురికిని ఈ రోజు ఆపినా చెరువు వెంటనే బాగుపడదు. ఏళ్ల తరబడి దిగిన ఫాస్ఫరస్ అడుగు బురదలో ఇనుముతో కట్టుకుని ఉంటుంది. బురద దగ్గర ఆక్సిజన్ అయిపోగానే ఆ కట్టు విడిపోయి ఫాస్ఫరస్ మళ్లీ నీళ్లలోకి వస్తుంది. 1562 ప్రాంతంలో మూసీ పరీవాహకంలో కట్టిన హుస్సేన్‌సాగర్ ఒకప్పుడు తాగే నీళ్ల చెరువు, ఇప్పుడు హైపర్ యూట్రోఫిక్‌కి ఉదాహరణగా చూపిస్తరు. దాని అడుగు బురదే ఒక గోదాము. అందుకే పూడిక తీయడం, తీసిన ఒండ్రుని పొలాలకి తోలడం అనే మన పాత అలవాటు నాకు చాలా తెలివైన పనిగా కనిపిస్తది. చెరువులోకి కొట్టుకొచ్చిన పోషకాలు మళ్లీ చేలోకే పోతయి. అయితే అది పల్లె చెరువు ఒండ్రు అయితేనే. ఫ్యాక్టరీల నీళ్లు దిగిన చెరువు బురద పొలానికి తోలొద్దు, అందులో సీసం, క్రోమియం లాంటివి ఉంటయి.

నా మాటైతే, కొల్లేరు పని అయిపోయింది. ఎవరేం చేసినా.

నీటిపురుగు

వాకర్ గారూ, ఫాస్ఫరస్ గురించి మీరు చెప్పిన ప్రతి మాటా సరైనదే, చివరి వాక్యం ఒక్కటీ నేను ఒప్పుకోను. అది పిల్లల దాకా వెళ్లకూడదు కూడా. హుస్సేన్‌సాగర్‌తో కొల్లేరుని కొలవకండి, రెండూ పనిచేసే తీరు వేరు.

లోతు తక్కువ సరస్సు రెండు స్థితుల్లో దేంట్లోనైనా స్థిరంగా ఉండగలదు. నెదర్లాండ్స్‌కి చెందిన షెఫర్ అనే శాస్త్రవేత్త వాళ్లు 1990ల్లో దీన్ని బాగా తేల్చి చెప్పారు. ఒకటి మొక్కలు ఏలే తేటనీటి స్థితి. నీళ్లలో మునిగి పెరిగే మొక్కలు బురదని వేళ్లతో పట్టి ఉంచుతాయి, పోషకాలు లాగేసుకుంటాయి, నాచుని తినే సన్నటి నీటిపురుగులకి చేపల నుంచి దాక్కునే చోటిస్తాయి. నీళ్లు తేటగా ఉంటాయి, తేటగా ఉన్నాయి కాబట్టి మొక్కలకి వెలుతురు అందుతుంది. రెండోది నాచు ఏలే మురికినీటి స్థితి. నాచు వెలుతురుని అడ్డుకుంటుంది, కింద మొక్కలు చస్తాయి, బురద లేస్తుంది, ఇంకా మురికవుతుంది. ఒకసారి రెండోదాంట్లోకి జారితే పోషకాలు కాస్త తగ్గించినంత మాత్రాన వెనక్కి రాదు, బాగా తగ్గించాలి. కానీ వెనక్కి వచ్చిన సరస్సులు ఉన్నాయి.

మేడమ్, మీ స్టాఫ్ రూము వాదనకి జవాబు కూడా ఇందులోనే ఉంది. గుర్రపుడెక్క బయటి నుంచి వచ్చిన మొక్క, దాని చాప కింద వెలుతురూ ఆక్సిజనూ ఉండవు, తీయాల్సిందే, తీసింది ఒడ్డున కుప్పేయకుండా దూరంగా తోలాలి, లేకపోతే కుళ్లి మళ్లీ నీళ్లలోకే దిగుతుంది. కానీ "కలుపంతా పీకేద్దాం" అని కిక్కిస, జమ్ము, తుంగ, తామర, కలువ కూడా ఊడబీకితే ఖాళీ అయిన చోటికి వచ్చేది తేటనీళ్లు కాదు, నాచు. అంచుల్లో కిక్కిస గడ్డి ఉన్నచోట డ్రెయిన్ నీళ్లు మెల్లగా జల్లెడ పట్టినట్టు నడుస్తాయి, ఒండ్రు దిగిపోతుంది, ఆ వేళ్ల దగ్గరున్న బాక్టీరియా నైట్రేట్‌ని నైట్రోజన్‌గా మార్చి గాలిలోకి పంపేస్తుంది. చేపలు గుడ్లు పెట్టేదీ, నీటికోళ్లు, కొంగలు మేసేదీ అక్కడే. కొల్లేటి పక్షుల కేంద్రం ఆటపాకలో మనం గూడబాతుల్ని చూసి మురిసిపోతాం కదా, ఆ పక్షి రోజూ తినే చేప ఈ అంచు నీళ్లలో పెరిగిందే.

కొల్లేరు ఒక గీత లోపల ఉండే నీళ్లు కాదు. అభయారణ్యంగా 1999లో ప్రకటించింది ఐదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా, సుమారు 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కించింది 901 చదరపు కిలోమీటర్లు. రెండు అంకెలూ చూసి పిల్లలు తికమకపడతారు, అసలు సంగతి ఈ సరస్సు అంచు ఏడాది పొడవునా కదులుతుంది. వానాకాలంలో ఉబ్బి పొలాల్లోకి పరుచుకుంటుంది, ఎండాకాలంలో కుంచించుకుపోతుంది. ఎండిన నేల గాలి తగిలి బురద కుళ్లడం పూర్తవుతుంది, గడ్డి మొలుస్తుంది, మళ్లీ వరదొచ్చి ఆ గడ్డి మునిగితే చేపపిల్లలకి అదే మొదటి మేత. ఈ ఉబ్బడం, తగ్గడమే కొల్లేరు ఊపిరి. గట్లు వేసి నీటిని గదులుగా విడగొడితే ఆగిపోయేది ఇదే. 2006లో చేపల చెరువుల గట్లు పడగొట్టింది ఈ కారణానికే, తర్వాత మళ్లీ కొన్నిచోట్ల లేచాయి, దాని మీద గొడవ ఇంకా నడుస్తోంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచినప్పుడు ఆ నీళ్లు చివరికి చేరింది కొల్లేటికే. వరదని పట్టి ఉంచి మెల్లగా ఉప్పుటేరుకి వదలడం ఈ పల్లం చేసే పనుల్లో పెద్దది. అందుకు చోటు ఉండాలి.

చివరగా ఒక్కటి. ఎండాకాలంలో పైనుంచి నీళ్లు తగ్గితే ఉప్పుటేరు గుండా సముద్రపు నీళ్లు వెనక్కి ఎక్కి వస్తాయి, ఆ చివర నీళ్లు ఉప్పగా మారతాయి. మంచినీటి సరస్సు అన్న పేరు కూడా కొల్లేటికి ఎవరో ఇచ్చేసింది కాదు, పైనుంచి నీళ్లు వచ్చినన్నాళ్లే నిలుస్తుంది.

పిల్లలతో చేయించాలంటే స్టీలు పళ్లెం ఒకటి తీసుకుని నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలకి నలుపు, రెండిటికి తెలుపు రంగు వేయించండి, మధ్యలో కన్నం, అడుగున బరువు, దారానికి పది సెంటీమీటర్లకో ముడి. ఒకే చోట ప్రతి నెలా కొలవాలి, ఎండ పైన ఉన్నప్పుడు, నీడ పడే పక్కనుంచి. దాంతో పాటు నీటి రంగు, ఆ రోజు గాలి, వాన పడిందా లేదా రాసి పెట్టమనండి. ఏడాది తిరిగేసరికి ఆ నోటుబుక్కు ఏ పుస్తకంలోనూ దొరకని పాఠం అవుతుంది.

చెరువుగట్టు, కైకలూరు

టీచర్‌గారూ, డీఓ మీటర్ నా దగ్గరుంది, పిల్లల కోసమంటే ఇస్తా. సార్ చెప్పిన పళ్లెం ఎండాకాలంలో కొల్లేరు లోపల దించకండి, అడుగు తగిలేస్తుంది. ఉప్పుటేరు మొదట్లో వంతెన దగ్గర లోతుంటుంది, అక్కడ కొలవండి. పిల్లల్ని గట్టు మీంచే కొలవమనండి, నీళ్లలోకి దిగనియ్యొద్దు, పూడిక మెత్తగా ఉంటుంది, కాలు దిగబడిపోద్ది. తెల్లారగట్ల రీడింగు నేనే రోజూ తీస్తా కాబట్టి ఆ అంకెలు మీకు వాట్సాప్ చేస్తాను, మధ్యాహ్నం రీడింగు మీ పిల్లలు తీస్తే రెండూ పక్కపక్కన రాసుకోవచ్చు.

లంక టీచర్

తప్పకుండా తీసుకుంటామండి. పళ్లెం రంగు వేసే పని ఆ ప్రశ్న అడిగిన కుర్రాడికే ఇస్తున్నాను. వంతెన దగ్గరా, మా లంక దగ్గర డ్రెయిన్ కలిసే చోటా రెండూ కొలిపిస్తాను, మొదటి నెల అంకెలు రాగానే ఇక్కడే పెడతాను. నీటిపురుగు గారూ, డ్రెయిన్ దగ్గర బురద వల్ల మాయమైందా నాచు వల్లా అని తేల్చడానికి గాజుసీసాలో నీళ్లు పట్టి ఒక రోజు కదపకుండా ఉంచితే సరిపోతుందా?

నీటిపురుగు

చాలావరకు సరిపోతుంది మేడమ్. ఒండ్రైతే అడుక్కి దిగి పైన తేటపడుతుంది. నీలి ఆకుపచ్చ నాచైతే ఒంట్లో గాలి బుడగలుంటాయి కాబట్టి పైకి తేలి మీగడలా కడుతుంది. మరీ సన్నటి బంకమట్టి ఒక్కోసారి రోజంతా ఉంచినా దిగదు, కాబట్టి రెండు రోజులు చూసి రాయండి. సీసాని నీడలో పెట్టండి, మూత బిగించొద్దు.